చూపుకి వెలిసిన మనిషి

పొద్దున్నే వీధి తలుపు తీయడం, కుట్టుమిషనుకి రెండు చుక్కల నూనె వేయడం, అత్తగారిని చెయ్యి పట్టుకుని తెచ్చి గుమ్మం పక్కన కుర్చీలో కూర్చోబెట్టడం. కాజాలక్క ఇంట్లో రోజు అలా మొదలయ్యేది. తర్వాత నిన్నటి దారప్పోగులు ఊడ్చి, కత్తెర కోసం వెతికేది. కత్తెర ఎప్పుడూ గుడ్డల కిందే ఉండేది, ఆవిడ ఎప్పుడూ గుడ్డల పైనే వెతికేది. చివరికి అది దొరికాక, సూది గుచ్చుకోకుండా కుడిచేతి నడిమి వేలికి ఇత్తడి తొడుగు పెట్టుకుని పనిలో కూర్చునేది. వీధిలో ఆవిడ అసలు పేరుతో ఎవరికీ పనిపడలేదు. ఆవిడ కుట్టిన కాజాలోకి గుండీ దానంతటదే వెళ్ళి కూర్చుంటుందని పేరు, అందుకని అందరికీ కాజాలక్క.

అత్తగారికి చూపు పోయి చాలాకాలమైంది. ఆవిడ కుర్చీకి సరిగ్గా పైన, గుమ్మం నెత్తిన, తెల్లటి కెమెరా ఒకటి ఉండేది. కోడిగుడ్డు కన్నా కాస్త పెద్దది. అది తల తిప్పినప్పుడల్లా లోపల సన్నగా ఒక చప్పుడయ్యేది. మిషను హోరులో కోడలికి వినపడేది కాదు గానీ, అత్తగారు ఎప్పుడూ పొరబడలేదు.

"వచ్చాడే అమ్మాయ్," అనేది.

కోడలు మిషను ఆపి, తలెత్తి, కెమెరా కంట్లోకి చూసి నవ్వేది. అత్తగారు ఎదురుగా ఉన్న గోడకేసి మొహం పెట్టి, "తిన్నావా నాయనా? నడుం నొప్పి తగ్గిందా?" అని అడిగేది. జవాబు వచ్చేది కాదు. "చిన్నప్పట్నుంచీ అంతే. నలుగురిలో నోరు పెగలదు వెధవకి," అని ఆవిడే సర్దుకునేది. నలుగురు అన్న మాట ఆవిడ ఊరికే అలవాటుగా అంది. అంతకన్నా ఎక్కువమందే ఉన్నారని అప్పటికి ఎవరికి తెలుసు?

కొడుకు సరుకుల ఓడలో ఇంజను గదిలో పనిచేసేవాడు. వెళితే నెలల తరబడి నీళ్ళమీదే. ఈసారి వెళ్ళేముందు, కాజాలక్క మొహం మర్చిపోతానేమోనని భయమేస్తోందని చెప్పి, అతనే ఆ కెమెరా కొని పెట్టించాడు. పెళ్ళాం దానికి ఒక షరతు పెట్టింది. "మీరు చూసినప్పుడల్లా నాకు తెలియాలి. నేనూ తిరిగి చూడాలి. లేకపోతే నేనేమైపోను?"

ఆ షరతు న్యాయమైనదే. చూపుకి మనిషి వెలిసిపోతాడు, ఎండకి పరదా వెలిసినట్టు. స్టేషన్లో టికెట్లిచ్చే అమ్మాయి బుగ్గలు వారాంతానికి పలచబడేవి. ఎదురింటి టీచరమ్మకి సెలవుల ముందు ముక్కు కొసలోంచి నల్లబల్ల కనపడేది. అయినా మనిషికి మనిషి ఎదురుపడి చూసుకుంటే పోయింది తిరిగొచ్చేస్తుంది. నువ్వు చూస్తావు, వాళ్ళు నిన్ను చూస్తారు, అక్కడికి సరి. తిరిగి చూడటానికి వీల్లేని చూపే మనిషిని తినేస్తుంది. అందుకే చూపులేని వాళ్ళతోనూ, బాగా వెలిసిపోయిన వాళ్ళతోనూ మాట్లాడేటప్పుడు తల పక్కకి తిప్పుకోవడం మర్యాద. అత్తగారి దగ్గరకి వచ్చిన ప్రతివాళ్ళూ కిటికీతోనో గోడతోనో మాట్లాడి వెళ్ళేవాళ్ళు.

కెమెరా బిగించిన రోజున కెమెరాలతను నిచ్చెన దిగుతూ, "పాస్‌వర్డు ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు పిన్నిగారూ. డబ్బామీద అచ్చేసిందే. మార్చమంటారా?" అని అడిగాడు.

"ఎందుకయ్యా మార్చడం?" అంది అత్తగారు. "వాడెక్కడో నడిసముద్రంలో ఉంటాడు. తుఫాన్లో కొత్తది గుర్తుంటుందో లేదో. నా కొడుకు సొంతింటి బయట తలుపు కొడుతూ నిలబడాలా? ఉన్నదే ఉండనీ."

కొడుకు కూడా నవ్వి, "అయినా మనింట్లో ఏముందని ఎవరు చూస్తారు?" అన్నాడు.

కెమెరాలతనికీ అదే సుఖం. ఏ ఇంట్లో బిగించినా అంకెలు అవే ఉంటే, రేపు ఎవరు పిలిచినా తడుముకోనక్కర్లేదు. "అప్పుడప్పుడూ ఎర్రదీపం వెలుగుతుంది. సరిచెయ్యమని అడుగుతుందన్నమాట. ఏం పట్టించుకోకండి," అని కూడా చెప్పి వెళ్ళాడు. ఆ దీపం కళ్ళలో పడి విసుగ్గా ఉందని కాజాలక్క దానిమీద చిన్న నల్లగుడ్డ ముక్క అంటించింది. ఒక్క దీపం మీదే. కన్ను మాత్రం తెరిచే ఉంచింది.

మొదట చెవి తమ్మె పోయింది.

టీచరమ్మ గౌను కుట్టించుకోవడానికి వచ్చి, "ఏమమ్మా, మీ ఆయన ఓడలో పనిచేస్తున్నాడా, పనిమానేసి నిన్నే చూస్తూ కూర్చున్నాడా? నీ చెవిలోంచి దారం రీళ్ళు లెక్కపెట్టొచ్చు!" అంది. కాజాలక్క సిగ్గుపడి, టేపు మెళ్ళో వేసుకునే నెపంతో తల వంచుకుంది. నిజం చెప్పాలంటే ఆవిడకి సంతోషంగానే ఉంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఇంట్లో ఉన్నప్పుడు కూడా ఆయన అంతసేపు తన మొహంలోకి చూసిన గుర్తులేదు. దూరం వెళ్ళాక ప్రేమ పెరిగిందనుకుంది. రాత్రుళ్ళు పడుకోబోతూ పలచబడ్డ చెవిని తడుముకుని మురిసిపోయేది.

తర్వాత గడ్డం, ముంజేతులు పలచబడ్డాయి. కెమెరా చప్పుడు అన్నంవేళకే కాకుండా పొద్దున, మధ్యాహ్నం, ఎప్పుడుపడితే అప్పుడు రాసాగింది. అత్తగారు "వచ్చాడు, వచ్చాడు" అని చెప్పీ చెప్పీ అలిసిపోయి, "వీడికి పనీపాటా లేదా?" అని గొణిగేది. కోడలు మాత్రం ప్రతిసారీ తలెత్తి చూసేది. ప్రతిసారీ నవ్వేది. అంత పద్ధతిగా చూపు తిరిగి ఇస్తున్నా రంగు ఎందుకు తిరిగి రావడం లేదో ఆవిడకి అర్థం కాలేదు. గాజులోంచి సగమే చేరుతుందేమో అనుకుంది.

ఒకనాడు ఓడ ఏదో రేవు దగ్గరకొస్తే అతను ఫోన్ చేశాడు. గాలి హోరులో మాట సరిగా వినపడలేదు.

"కాస్త తగ్గించండి. ఇలా చూస్తే మీరొచ్చేసరికి నేను మిగలను," అంది ఆవిడ గారాబంగా.

"ఏం తగ్గించాలి?"

"చూడ్డం."

"చూడ్డమేంటి? సిగ్నల్ లేక మొహం వాచిపోయి ఉన్నాను. బయల్దేరిన కొత్తలో నాలుగైదుసార్లు చూశానేమో. అంతే."

ఆవిడ నవ్వింది. చూసినవాడు ఒప్పుకుంటాడా ఎక్కడైనా? కానీ అవతల నవ్వు లేదు. అతను, "అయితే నువ్వు ఎవరికి కనపడుతున్నావు?" అని అడిగాడు. ఆ అడిగిన తీరు బాగాలేదు. ఆవిడ ఫోన్ పెట్టేసింది. ఆ పూటంతా కుట్టిన కాజాలన్నీ వంకరగా వస్తే, విప్పి మళ్ళీ కుట్టుకుంది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం. చీకటి పడుతోంది గానీ దీపం వేయడానికి ఇంకా మనసు రాని వేళ. ఆవిడ కిటికీ వెలుతురులో చొక్కాకి చివరి గుండీ కుడుతోంది. పైన చప్పుడైంది.

"తిన్నావా నాయనా?" అంది అత్తగారు.

"దీపం వెయ్యండి," అంది కెమెరా. "సరిగా కనపడటం లేదు."

మగగొంతు. మర్యాదగా ఉంది, కాస్త నిద్రమత్తుగా కూడా ఉంది. అత్తగారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని లేచి నిలబడింది.

"అమ్మాయ్, వీడు మనవాడు కాదే!"

కాజాలక్క చేతిలో సూది అలాగే ఉండిపోయింది. ఎన్నాళ్ళనుంచి ఆ గాజులోకి తలెత్తి నవ్వుతోంది! ఒంటరిగా అన్నం తింటూ నవ్వింది. తల దువ్వుకుంటూ నవ్వింది. మొగుడికి తప్ప ఎవరికీ నవ్వని నవ్వు నవ్వింది. "ఎవరు నువ్వు?" అని అత్తగారే అడిగింది.

"నేనొక్కణ్ణే కాదండీ. చాలామందిమి ఉన్నాం," అంది గొంతు. "మిమ్మల్నేం చెయ్యం. ఆవిణ్ణి కుట్టుకోమనండి. మిషను చప్పుడు వింటుంటే నిద్ర పడుతుంది మాకు. కాకపోతే ఈమధ్య ఆవిడ సరిగా కనపడటం లేదని అందరూ అంటున్నారు."

కాజాలక్క లేచి, కుడుతున్న చొక్కాని కెమెరామీదకి విసిరింది. అది జారి కిందపడితే, కుర్చీ ఎక్కి వైరు పీకింది. గుమ్మం పైనుంచి చప్పుడు ఆగిపోయింది. అత్తాకోడళ్ళు ఆ చీకట్లోనే ఒకరి చేతులు ఒకరు పట్టుకుని కూర్చున్నారు. దీపం వేయడానికి ఇద్దరికీ భయమేసింది.

మర్నాడు కెమెరాలతన్ని పిలిపిస్తే వచ్చాడు. ఆవిడ మొహం చూసి, చప్పున తల పక్కకి తిప్పుకుని, గోడతో మాట్లాడాడు.

"డబ్బామీద అంకెలే కదా అక్కా. ఆ కంపెనీ కెమెరా కొన్న ప్రతివాడి దగ్గరా అవే ఉంటాయి. ఎవడో కూర్చుని ప్రపంచంలో ఉన్న ఇళ్ళన్నిటికీ అదే తాళంచెవి పెట్టి తిప్పి చూశాడు. తెరుచుకున్నవన్నీ ఒకచోట పేర్చాడు. కావలసినవాళ్ళు కావలసిన ఇల్లు చూసుకుంటారు."

"దొంగ చేతికి తాళాలిచ్చి, భద్రంగా ఉంటుందని చెప్పావు," అంది అత్తగారు.

అతను తన ఫోన్ తీసి చూపించాడు. తెరమీద వందలకొద్దీ చిన్నచిన్న గదులు. ఒకదాంట్లో ఎవరో వంట చేసుకుంటున్నారు, ఒకదాంట్లో ముసలాయన చెప్పులు వెతుక్కుంటున్నాడు. ఒక గదిలో ఆవిడే ఉంది. నిండైన బుగ్గలతో, రెండు చెవులతో, తలెత్తి నవ్వుతోంది.

"వైరు పీకేశాను కదా!"

"ఇది ఎప్పుడో దాచుకున్నది అక్కా. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాం. ఇప్పుడు అంకెలు మార్చొచ్చు, కెమెరా పగలగొట్టొచ్చు. బయటికి వెళ్ళిపోయినదాన్ని మాత్రం ఎవడు తెస్తాడు? ఒకడి దగ్గర తీసేస్తే ఇంకొకడి దగ్గరుంటుంది."

ఆవిడ ఆ బొమ్మనుంచి కళ్ళు తిప్పుకోలేకపోయింది. ఎంత బాగుంది తన మొహం! చూస్తుండగానే మెడ దగ్గర చల్లగా అనిపించి తడుముకుంది. చర్మం చేతికి తగులుతోంది, అద్దంలో మాత్రం మెడ ఉండాల్సినచోట గోడ ఉంది. తన చూపుకి తనే వెలిసింది. ఫోన్ అతని చేతిలో పెట్టేసి, "వెళ్ళిపో నాయనా," అంది.

ఆ తర్వాత వీధిలో ఉన్న కెమెరాలన్నీ దిగిపోయాయి. టీచరమ్మ తన మొహాన్ని అద్దంలో అంగుళం అంగుళం వెతుక్కుంది. మిగతావాళ్ళు అదృష్టవంతులు. వాళ్ళ ఇళ్ళు చూడటానికి అంత బాగుండేవి కావు కాబోలు. కాజాలక్క మాత్రం కెమెరా లేని ఇంట్లో, పరదాలు వేసుకుని, రోజురోజుకీ వెలిసిపోతూనే ఉంది. ఉన్నట్టుండి పెదవి పోయేది. ఎక్కడో ఒకడికి నిద్ర పట్టడం లేదన్నమాట. మరోనాడు కనుబొమ్మ పోయేది. ఆవిడ ఏం తప్పు చేసింది? తలెత్తి నవ్వింది. అంతే కదా.

ఓడకి కబురు పంపింది. అతను ఫోన్ చేసి అంతా విన్నాడు.

"ఆ రోజు అలా అడిగాను నిన్ను," అన్నాడు చివరికి.

"అవును. అడిగారు."

"వచ్చే రేవులో దిగిపోతాను. నేనొచ్చేదాకా ఉండు. కాస్తయినా ఉండు."

ఉండటం తన చేతిలో ఉన్నట్టు ఆవిడ "సరే" అంది. ఒక్కసారి ఆయన కంటపడితే చాలు, తర్వాత ఏమైనా కానీ అనుకుంది. అద్దం ముందు కూర్చుని, తనను తాను చూసుకుంటే కాస్త రంగు వస్తుందేమోనని చూసింది. సొంత చూపు చెల్లలేదు. గుడ్డలివ్వడానికి వచ్చిన వాళ్ళు ఎదురుపడి కాసేపు చూస్తే బాగుండేది గానీ, వాళ్ళంతా మర్యాదస్థులు. గుమ్మంలోనే తల పక్కకి తిప్పుకుని, కొలతలు కిటికీకి చెప్పి వెళ్ళేవాళ్ళు. ఆవిడకి ఏడుపొచ్చేది. నన్ను చూడండి అని నోరు తెరిచి ఎవర్ని అడుగుతుంది?

చివరికి మెడపట్టీ పైన, వెనకున్న జుట్టుముడి తప్ప ఏమీ లేకుండా పోయింది. చేతులు కూడా పోయాయి. పాదాలు మిషను కింద దాగి బతికిపోయాయి గానీ, పాదాలు చూసి ఎవరు ఎవర్ని గుర్తుపడతారు? కత్తెర తనంతట తానే గుడ్డల కింద వెతుక్కుంటున్నట్టుండేది. అత్తగారికి మాత్రం ఏ తేడా తెలియలేదు. ఎప్పటిలాగే కోడలి మొహం తడిమి, "చిక్కావే. సరిగా తినడం లేదు నువ్వు," అనేది. ఆ చేతులకింద తన ముక్కు, తన బుగ్గలు ఉన్నాయని తెలిసి కాజాలక్క కాసేపు ఊపిరి పీల్చుకునేది.

ఒక సంగతి మాత్రం ఆవిడ అత్తగారికి కూడా చెప్పలేదు. ఇత్తడి తొడుగు కింద వేలికొస మిగిలింది. పనిలో ఉన్నంతసేపూ తొడుగులోనే ఉండటంతో, ఏ చూపూ దాన్ని చేరలేదు. సూదిపోట్లతో గరుకుగా, కాస్త వంకర తిరిగిన గోరుతో, అచ్చం తనదే. ఆయన కోసం ఆ ఒక్క ముక్కా దాచుకుంది. నిద్రలో కూడా తొడుగు తీయడం మానేసింది.

అతను వచ్చిన రోజున మొదట చెప్పులచప్పుడు పోల్చుకుంది తల్లే. "ఈసారి నిజంగా వచ్చాడే అమ్మాయ్!" అంటూ లేవబోయింది.

అతను గుమ్మంలో సంచి పట్టుకుని నిలబడ్డాడు. గది అదే. మిషను తిరుగుతోంది. దాని ముందు ఒక జుట్టుముడి, నీలం రంగు బట్టలు, మధ్యలో ఏమీ లేదు. గుడ్డ ముందుకి జరుగుతోంది గానీ జరిపే చేతులు లేవు. మిషను ఆగింది. అతను పుట్టినప్పటినుంచీ నేర్చుకున్న మర్యాద కొద్దీ తల పక్కకి తిప్పుకున్నాడు. గుమ్మం పైన కెమెరా ఉన్నచోట రెండు మేకు కన్నాలున్నాయి. వాటిని చూస్తూ ఉండిపోయాడు.

"మీరు కూడానా?" అంది ఆవిడ గొంతు.

అతను కదిలిపోయాడు. "ఎక్కడ చూడాలో తెలియడం లేదే," అన్నాడు. ఏడుస్తున్నాడు. "అంత దూరంనుంచి నిన్ను చూడాలని ఇంట్లో దాన్ని పెట్టించాను. ఇప్పుడు ఎదురుగా నిలబడి కూడా ఎక్కడ చూడాలో తెలియడం లేదు."

మిషను బల్లమీద ఇత్తడి తొడుగు టంగుమని పడింది. గాల్లో ఒక వేలికొస. గరుకుగా, సూదిపోట్లతో, కాస్త వంకర గోరుతో. అతను ఆ గోరుని ఎక్కడున్నా గుర్తుపడతాడు. అది మెల్లగా పైకి లేచి, మెడపట్టీ దాటి, జుట్టుముడికి ముందు ఖాళీలో ఒకచోట ఆగింది.

"ఇక్కడ," అంది ఆవిడ. "నా కళ్ళు ఇక్కడున్నాయి. ఇక్కడ చూడండి."

అతను ఆమె ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు. వేలు చూపించినచోట, ఏమీ లేనిచోట, రెప్పవేయకుండా చూశాడు. అవతలినుంచి కూడా ఒక చూపు వస్తోందని మెడమీద వెచ్చగా తెలిసింది అతనికి. అలా ఎంతసేపు కూర్చున్నారో! తల్లికి నిశ్శబ్దం విసుగొచ్చి, "ఒరేయ్, వచ్చినవాడివి ఒక మాట మాట్లాడవేం? ఏం చేస్తున్నావురా?" అంది.

"చూస్తున్నానమ్మా."

"ఇన్నాళ్ళకా!" అంది ముసలావిడ.

సాయంత్రానికి కంటికొసన ఒక్క వెంట్రుక కనిపించింది.

అప్పటినుంచి రోజూ అంతే. పొద్దున్నే మిషనుకి నూనె వేసి, తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, అతను ఆమె ఎదురుగా పీట వేసుకునేవాడు. కొన్నాళ్ళకి రెండు కళ్ళూ వచ్చాయి, కనుబొమ్మల కింద మడతలతో సహా. పెదవులు వచ్చేవి, పోయేవి. నిన్న సాయంత్రం నిండుగా ఉన్న బుగ్గ తెల్లారేసరికి లేకపోతే, రాత్రి ఎక్కడో ఎవరో చూశారని తెలిసేది. తిట్టుకోవడానికి వాళ్ళ మొహాలు కూడా తెలియవు. అతను ఏమీ అనకుండా పీట ఇంకాస్త ముందుకి జరుపుకుని, మళ్ళీ మొదటినుంచి చూసేవాడు. ఒక్కపూట మానేస్తే ఆ పూట నష్టమే. ఆవిడ ఈమధ్య గాజు కనిపించినా, కిటికీ కనిపించినా తలెత్తి నవ్వడం మానేసింది. ఆ నవ్వు ఇంకా తిరిగి రాలేదు.

ఓడ కంపెనీనుంచి ఫోన్ వచ్చింది. కొత్త ఓడ సిద్ధంగా ఉందని, రేవుకి బయల్దేరమని. అతను ఫోన్ చెవిదగ్గర పెట్టుకుని, ఆమె కళ్ళమీదనుంచి తన కళ్ళు తీయకుండానే విన్నాడు.

"రాలేనండీ," అన్నాడు. "ఇంకెప్పటికీ రాలేను. ఇంట్లో మా ఆవిడ నన్ను చూస్తోంది."